నేను రాస్తాను, దీమా కొడుతుంది

ఫిబ్రవరి 18, ఆదివారం

రెండో సెమిస్టరు మొదలైంది. ఇర్బిద్ పట్నమంతా వాన. నాన్న నడిపే బస్సు దిగి నేను యూనివర్సిటీ గేటు దాకా నడిచేసరికి బూట్లలోకి నీళ్ళు పోయాయి. రోజంతా తడి మేజోళ్ళతోనే కూర్చున్నాను.

డేటా స్ట్రక్చర్స్ చెప్పడానికి ఈసారి కొత్తాయన వచ్చాడు, డాక్టర్ మున్‌జిర్. పేరు చెప్పి, మా పేర్లు అడక్కుండానే మొదలుపెట్టాడు. "అసైన్‌మెంట్లు ఎవరివి వాళ్ళే చెయ్యాలి. జంటలూ గింటలూ ల్యాబ్ వరకే. ఒకటే ప్రోగ్రాం రెండు పేర్లతో వస్తే నేను ఊరుకోను" అన్నాడు. పక్కన దీమా నా మోచేతి మీద గిల్లింది.

"మనక్కాదులేవే" అంది.

మనక్కాదు. ల్యాబ్‌లో ఇరవై కంప్యూటర్లు, మేం నలభై మందిమి. మొదటి సంవత్సరం నుంచీ ఒక్కో కంప్యూటర్‌కి ఇద్దరు. నేను గళ్ళ నోటుబుక్కులో నీలం పెన్నుతో ప్రోగ్రాం రాస్తాను. దీమా అది చూసి కీబోర్డు మీద కొడుతుంది. పరీక్షలు ఎలాగూ కాగితం మీదే. అందుకే నాకు తొంభై ఆరు, దానికి యాభై ఎనిమిది. కంప్యూటర్ శాఖలో మొదటి ముగ్గురిలో నేనొకదాన్ని. ఇప్పటిదాకా ఒక్క ప్రోగ్రాం కూడా నా చేత్తో నడిపించలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అబద్ధం చెప్పినట్టు కూడా కాదు.

భయమా అంటే భయం కాదు. అవసరం పడలేదు, అంతే.

సాయంత్రం నాన్న బస్సు తాళాలతో పాటు ఒక ఫోను తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాన్న మా ఊరు కఫర్ జైత్ నుంచి ఇర్బిద్‌కి కోస్టర్ మినీబస్సు నడుపుతాడు. ఎక్కిన ప్రతి మనిషికీ కూతురు కంప్యూటర్ ఇంజినీరని చెప్తాడు. వాళ్ళు చెడిపోయిన ఫోన్లు తెచ్చి ఆయన చేతిలో పెడతారు.

"పిండిమరాయన ఫోను తల్లీ. నీళ్ళలో పడిందట. నీకెంత పని, చిటికెలో చేసేస్తావని చెప్పాను."

"సరే నాన్నా" అన్నాను.


ఫిబ్రవరి 19

ఫోను అబూ హమ్మామ్ కొట్లో ఇచ్చాను.


ఫిబ్రవరి 22, గురువారం

అబూ హమ్మామ్‌ది యూనివర్సిటీ వీధిలో జిరాక్సు షాపు పక్కన రిపేరు కొట్టు. నాన్న ప్రయాణికుల ఫోన్లన్నీ రెండేళ్ళుగా ఆయనే బాగుచేస్తున్నాడు. నేను వెళ్ళగానే కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి, "రా ఇంజినీరమ్మా, నీ రోగి బతికాడు" అంటాడు. వెక్కిరింపే. కానీ ఎవరితోనూ చెప్పడు. ఆ గుట్టు దాచినందుకే ఆయన వెక్కిరింపు భరిస్తున్నాను.

ఇవాళ ఆ ఫోను విప్పి చూపించాడు. "పట్టుకో, కరవదు" అన్నాడు. "ఆలస్యమైంది" అని వచ్చేశాను. ఆలస్యం ఏమీ కాలేదు.

మా ఊరి బళ్ళో కంప్యూటర్ గది ఉండేది. ఎప్పుడూ తాళమే. పాడైపోతాయని వాటి మీద ప్లాస్టిక్ కవర్లు కప్పి ఉంచేవాళ్ళు. టీచరు నల్లబల్ల మీద కీబోర్డు బొమ్మ గీసేది, మేం దాన్ని నోటుబుక్కులో దించుకునేవాళ్ళం. పరీక్షలో భాగాలు గుర్తించమని అడిగితే నేను స్కేలు పెట్టి గీసి రంగులు కూడా వేశాను. వందకి వంద వచ్చింది. బడి ఆఖరి పరీక్ష తౌజీహీలో తొంభై మూడు వచ్చేసరికి, ఆ మార్కులకి ఏ సీటొస్తే అదే కదా, ఇది వచ్చింది. ఆ రోజు నాన్న హారన్ కొట్టుకుంటూ బస్సుని ఊరంతా తిప్పాడు. నేను ముందు సీట్లో కూర్చుని చెయ్యి ఊపాను.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో తెలీదు.


ఫిబ్రవరి 25, ఆదివారం

మొదటి అసైన్‌మెంట్. ఆసుపత్రికి వచ్చిన రోగుల్ని వరసలో పెట్టి, వచ్చిన క్రమంలో లోపలికి పంపే ప్రోగ్రాం.

నాకు ఆసుపత్రి గుర్తు రాలేదు. నాన్న బస్టాండు గుర్తొచ్చింది. ముందొచ్చినవాడు ముందెక్కుతాడు. బస్సు నిండేదాకా కదలదు. నిండగానే తలుపేసి పోతుంది, మిగిలినవాళ్ళు తరవాతి బస్సుకి వరస కడతారు. వంటగదిలో అమ్మ బియ్యం కడుగుతుంటే బల్ల మీద గంటలో రాసేశాను. ఒక్క కొట్టివేత కూడా లేదు. కోస్టర్లో సీట్లు ఇరవై ఒకటి కాబట్టి నేనూ ఇరవై ఒకటే పెట్టాను.

బాగుంది. ఈ మధ్య నాకు బాగుందనిపించింది ఇదొక్కటే.


ఫిబ్రవరి 27

దీమా వాళ్ళింట్లో చేశాం. వాళ్ళమ్మ సేజ్ ఆకు వేసిన టీ ఇచ్చింది. నేను నోటుబుక్కులోంచి చదువుతుంటే దీమా గాజులు గలగలలాడించుకుంటూ కొట్టింది. ఎర్రగా తప్పులు వస్తే తనే సరిచేసింది. ఎలా చేసిందో నేను చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

"ఇద్దరి పేర్లతో విడివిడిగా పంపేస్తున్నా" అంది.

"ఒకటే అయిపోతుంది కదే?"

"నలభై మందివి కూర్చుని చదువుతాడా ఆయన? నువ్వొకదానివి! ఎన్నేళ్ళుగా పంపట్లేదూ?"

సరే అన్నాను. ఒకటే ప్రోగ్రాం కాబట్టి ఒకలాగే ఉంటుంది. అందులో తప్పేముందో అప్పుడు నాకు తోచలేదు. మేమెప్పుడూ చేసేది అదే.


మార్చి 7, గురువారం

డాక్టర్ మున్‌జిర్ మా ఇద్దర్నీ తన గదికి పిలిచాడు.

"అక్షరం పొల్లు పోకుండా ఒకటే. ఎవరు రాశారు?"

దీమా నన్ను చూసింది. నేను దాని గాజులు చూశాను.

"సరే. ఆ రెండు కంప్యూటర్ల ముందు కూర్చోండి. అరగంట టైము. రాసినవాళ్ళకి మళ్ళీ రాయడం కష్టం కాదు."

కూర్చున్నాను. తెర తెల్లగా ఉంది. ఒక గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. ప్రోగ్రాం మొత్తం తలలో ఉంది, ఏ పేజీలో ఏ వరసలో ఏముందో కూడా ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. పక్కనుంచి గాజుల చప్పుడు. ఒక మీట నొక్కాను. తెర మీద ఏదో కొత్త కిటికీ తెరుచుకుంది. ఏం పాడుచేశానో తెలీలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"డాక్టర్, ఒక కాగితం ఇస్తారా?"

"కాగితమా? ఎందుకు?"

"ముందు రాసుకుంటాను."

"ఇది చేతిరాత పోటీ కాదమ్మా" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే.

ఇరవై నిమిషాల్లో దీమా ప్రోగ్రాం నడిచింది. ఆయన దాని వెనక నిలబడి చూశాడు. "ఇక్కడ ఇరవై ఒకటి పెట్టావు, ఎందుకు? ఆసుపత్రి గదిలో ఎంతమందైనా పట్టొచ్చుగా?"

"ఊరికే డాక్టర్. ఏదో ఒక అంకె ఉండాలిగా."

ఆయన తలూపాడు. తర్వాత నా తెల్ల తెర చూశాడు.

"నేనే రాశాను డాక్టర్" అంది దీమా. నా వైపు చూడకుండా అంది.

అది మా నాన్న బస్సు అని చెప్పొచ్చు. ఆ మాట చెప్తే ఆయన, మరెందుకు కొట్టలేదు అంటాడు. దానికి జవాబు చెప్పాలి. నా సంచి తీసుకుని బయటికొచ్చేశాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. ఇది బాగా గుర్తుంది, ఏమీ అనిపించలేదు.


మార్చి 8, శుక్రవారం

అమ్మ మఖ్‌లూబా చేసింది. తిన్నాను.


మార్చి 10

దీమా మెసేజ్ పెట్టింది. "నేనేం అబద్ధం చెప్పలేదే. కొట్టింది నేనే కదా. నాకు ఆల్రెడీ ఒక హెచ్చరిక ఉంది, ఇంకోటి వస్తే శాఖలోంచి తీసేస్తారు. నీకేమవుతుంది, నువ్వు ఫస్టు వచ్చేదానివి. నిన్నెవరూ ఏమీ అనరు."

జవాబివ్వలేదు. కోపం రాలేదు. రావాలి కదా అని కాసేపు ఆగి చూశాను, రాలేదు.


మార్చి 14, రంజాన్ మూడో రోజు

యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ 2న క్రమశిక్షణ కమిటీ ముందుకు రావాలి. ఆ రోజు ఒక పేజీ వాంగ్మూలం రాసి తేవాలి. కాపీ కొట్టినట్టు తేలితే ఈ పేపరు సున్నా, ఒక సెమిస్టరు సస్పెన్షను, నోటీసుబోర్డులో పేరు.

ఇఫ్తార్‌కి ఖర్జూరం నోట్లో పెట్టుకుని నాన్న అడిగాడు.

"చదువెలా ఉంది తల్లీ?"

"బాగుంది."

"పిండిమరాయన నీకు దువా చేస్తున్నాడు. ఫోను కొత్తదానిలా ఉందట. ఆ అమ్మాయి చేతిలో ఏదో ఉంది అన్నాడు."

అమ్మ సూపు వడ్డిస్తూ, "దిష్టి తగులుతుంది, ఊరుకోండి" అంది.


మార్చి 15

ఇది ఒకసారి తిన్నగా రాసుకోవాలి.

నా దగ్గర పదకొండు గళ్ళ నోటుబుక్కులున్నాయి. ప్రతి ప్రోగ్రాం పక్కనా తారీఖు ఉంది. అవి తీసుకెళ్ళి బల్ల మీద పెడితే చాలు, రాసింది నేనేనని తేలిపోతుంది. కానీ పెట్టగానే, మరి కంప్యూటర్ ముందు ఎందుకు రాయలేదని అడుగుతారు. నేనే రాశానని చెప్పాలంటే, నాకు కంప్యూటర్ ముట్టుకోవాలంటే చేతులు ఆడవని చెప్పాలి. ఒకటి చెప్పి రెండోది దాచడం కుదరదు.

కాపీ కొట్టిన అమ్మాయి అంటే పెద్ద వింతేం కాదు. క్లాసులో సగం మంది కొడతారు. తలొంచుకుని ఒక సెమిస్టరు ఇంట్లో కూర్చుంటే మర్చిపోతారు. మూడో ఏడు చదువుతూ కంప్యూటర్ ముట్టుకోలేని పిల్ల అంటే మాత్రం మర్చిపోరు. నాన్న బస్సులో ఇరవై ఒక్కమందీ నవ్వుతారు.

దొంగ అనిపించుకోవడమే నయం. చాలా ప్రశాంతంగా ఉంది ఇలా తేల్చేసుకున్నాక.


మార్చి 17

వాంగ్మూలం రాశాను. "దీమా ప్రోగ్రాం నేను కాపీ చేశాను. తప్పు నాదే." చేతిరాత బాగా కుదిరింది. మడిచి సంచిలో పెట్టుకున్నాను.


మార్చి 20

నాన్న ఇంకో ఫోను ఇచ్చాడు. అబూ హమ్మామ్ కొట్టు కట్టేసే వేళకి వెళ్ళాను.

"ఏంటి, మొహం అలా వాడిపోయింది? ఉపవాసమా, పరీక్షలా?"

"రెండూనూ."

"ఇంజినీరమ్మా, ఒకటడుగుతా, ఏమీ అనుకోవద్దు. ఇవన్నీ నువ్వే చేస్తున్నావని మీ నాన్న అనుకుంటున్నాడు కదా. ఏదో ఒక రోజు నీ ఎదురుగానే చెయ్యమంటే?"

"అడగడు."

"అడుగుతాడు. నాన్నలు అడుగుతారు."

ఫోను ఇచ్చేసి వచ్చేశాను. ఈయనకి తన పని తను చూసుకోవడం చేతకాదు.


మార్చి 21

ల్యాబ్‌కి వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను. తలనొప్పి కూడా లేదు.


మార్చి 24, ఆదివారం

లెక్చరు అయ్యాక లుబ్నా అని ఎం.ఏ. చేస్తున్న ఒకామె వచ్చింది. కంప్యూటర్ విద్యార్థులకి కంప్యూటర్ మీద ఎంత ధైర్యం, ఎంత భయం అన్నది ఆమె పరిశోధన అట. మా అందరికీ కాగితాలు పంచింది. ముప్పై వాక్యాలున్నాయి. ఒక్కోదాని పక్కన ఐదు గళ్ళు, "అస్సలు కాదు" నుంచి "పూర్తిగా అవును" దాకా.

"పేరు రాయకండి. మీ గురించి మీకు తెలిసిందే పెట్టండి" అంది.

పేరే అక్కర్లేదు, నిజం రాసినా ఎవరికీ తెలీదు. అయినా నేను పెన్ను తీసి చివరి గడిలో పైనుంచి కింద దాకా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. పూర్తిగా అవును, పూర్తిగా అవును. ముప్పై టిక్కులు రెండు నిమిషాల్లో అయిపోయాయి. క్లాసులో మొట్టమొదట నేనే ఇచ్చాను.

తలుపు దగ్గర ఆమె నా కాగితం మీద ఓసారి వేలు పెట్టి చూసి, "ఒక్క నిమిషం ఆగమ్మా" అంది.

ఆగాను.

"పన్నెండులో, కంప్యూటర్‌తో ఏ పనైనా నేనొక్కదాన్నే చేయగలను. పూర్తిగా అవును. బాగుంది. పందొమ్మిది చూడు. కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చుంటే నాకు చేతులు ఆడవు. ఇదీ పూర్తిగా అవునే. రెండూ ఎలా కుదురుతాయి?"

చూశాను. నా టిక్కే.

"చదవకుండా గీసుకుంటూ పోయారని తెలియడానికే మధ్యలో ఇలాంటివి పెడతాం. దీన్ని పారెయ్యాలిప్పుడు. లేకపోతే ఏది నిజమో చెప్పు, రెండోది కొట్టేస్తాను."

వెనకాల అందరూ బయటికి పోవడానికి తోసుకుంటున్నారు. ఎవరో నా భుజం మీదుగా కాగితం అందించారు. పన్నెండు అంటే సరిపోయేది. నోరు తెరిచింది కూడా అందుకే.

"పందొమ్మిది" అన్నాను.

"మిగతావి?"

"మిగతావన్నీ కొట్టెయ్యండి."

ఆమె తలెత్తి నన్ను చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో. కొత్త కాగితం నా చేతికిచ్చి, "తీరిగ్గా పెట్టు, నేను ఇక్కడే ఉంటాను" అంది. ఖాళీ అయిన క్లాసులో కూర్చుని ఒక్కో వాక్యం చదివి పెట్టాను. నలభై నిమిషాలు పట్టింది. ఇచ్చేటప్పుడు అడిగాను, పందొమ్మిదికి నాలాగా ఇంకెవరైనా పెట్టారా అని.

కట్ట తిరగేసింది. "నీతో కలిపి పదకొండు."

"ఈ క్లాసులోనా?"

"ఈ క్లాసులోనే."

"ఎవరెవరు?"

"పేర్లు లేవుగా" అంది.

మెట్ల మీద మా క్లాసు వాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ దిగాను. ఎవరి మొహంలోనూ ఏమీ కనపడలేదు. నా మొహంలో కూడా కనపడదు కాబోలు.


మార్చి 25

దీమాని పట్టుకున్నాను. లైబ్రరీ వెనక మెట్ల మీద.

"కమిటీలో నేనే రాశానని చెప్తాను. నువ్వు కొట్టావని కూడా చెప్తాను. నాకు కొట్టడం రాదని, భయమని చెప్తాను."

అది కాసేపు గుడ్లప్పగించి చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"భయమా? నీకా? పరీక్ష హాల్లో నీ పెన్ను ఆగకుండా పోతుంటే మేమంతా హడలి చస్తామే! మొదటి ఏడు నుంచీ నీ పక్కన కూర్చుని నేనెంత ఏడ్చానో తెలుసా? ఎవరు నమ్ముతారే నీ భయం?"

"నమ్మకపోతే పోనీ."

నవ్వు ఆపేసింది. "చెప్తే నేను పోతాను మైసూన్. నన్ను తీసేస్తారు."

"కాపీ కొట్టావని చెప్పను. ఇద్దరం కలిసి చేశామని చెప్తాను. చేసిందే చెప్తాను."

"దానికీ దీనికీ తేడా ఏంటి?"

"నాకూ తెలీదు" అన్నాను. నిజంగా తెలీదు.

చున్నీ సర్దుకుని లేచింది. "రెండేళ్ళు నీ వెనక టైపిస్టులా కూర్చున్నాను. ఒక్కసారి, ఒక్క ఇరవై నిమిషాలు, ఆయన నా వెనక నిలబడి నన్ను మెచ్చుకున్నాడు. అదీ నీకు కావాలి" అని వెళ్ళిపోయింది.

ఆ మాట తగిలింది. రెండు వారాల తర్వాత నాకు తగిలిన మొదటి మాట ఇదే. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.


మార్చి 30

పాత వాంగ్మూలం చింపేశాను. కొత్తది మూడుసార్లు రాశాను. మూడుసార్లూ కొట్టివేతలే.


ఏప్రిల్ 2, మంగళవారం

కమిటీలో ముగ్గురు. డాక్టర్ మున్‌జిర్, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు. ఉపవాసంతో అందరి పెదాలూ ఎండిపోయి ఉన్నాయి. నా వాంగ్మూలం చేతులు మారింది. మధ్యలో కూర్చున్నామె చదివి కళ్ళద్దాలు తీసింది.

"కంప్యూటర్ శాఖలో మూడో ఏడు. మొదటి ముగ్గురిలో ఒకతివి. కంప్యూటర్ అంటే భయం! ఇది మేం నమ్మాలా?"

"అవునండి."

"ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చావు?"

"పరీక్షలు కాగితం మీదే కదండి."

ఆమె డాక్టర్ మున్‌జిర్ వైపు చూసింది. ఆయన లేచాడు. ఒక తెల్లకాగితం నా ముందు పెట్టాడు. తన పెన్ను కూడా ఇచ్చాడు. ఎప్పుడూ చూడని కొత్త ప్రశ్న చెప్పాడు. గోదాంలో సరుకు, చివర వచ్చింది ముందు బయటికి పోవాలి.

రాశాను. గడియారం చూడలేదు. రాసి ఇచ్చాను.

ఆయన అది తీసుకుని కంప్యూటర్ ముందు కూర్చుని తనే కొట్టడం మొదలుపెట్టాడు. రెండు వేళ్ళతో, వెతుక్కుంటూ. ఒకచోట ఆగి, "ఇది ఎక్కడుంటుందబ్బా" అని గొణుక్కున్నాడు. చాలాసేపు పట్టింది. నడిపించాడు. నడిచింది. తెరనీ, నా కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

"మొదటిసారికే" అన్నాడు మిగతా ఇద్దరితో.

సంతోషం వేయలేదు. కూర్చోవచ్చా అని అడిగాను.

దీమాని లోపలికి పిలిచారు. తర్వాత మా ఇద్దరికీ చెప్పింది ఇది: ఇద్దరికీ సున్నా, ఎందుకంటే ఎవరిది వాళ్ళు చెయ్యమన్నారు. ఇద్దరికీ సస్పెన్షను లేదు. వేసవి టర్ములో ఇద్దరూ ఇదే పేపరు మళ్ళీ చదవాలి, ఒక్కొక్కరు ఒక్కో కంప్యూటర్ మీద. అందులో తప్పితే దీమాకి రెండో హెచ్చరిక.

నేను వెళ్తుంటే డాక్టర్ మున్‌జిర్ పిలిచి కాగితం ఇచ్చాడు. "బాగా రాశావు. కానీ వేసవిలో కాగితం ఉండదమ్మా. నీ నోటుబుక్కుని నేను ప్లగ్గులో పెట్టలేను కదా."

వరండాలో దీమా నన్ను చూడకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది.


ఏప్రిల్ 3

మధ్యాహ్నం బస్సులో ముందు సీట్లో కూర్చున్నాను. నాన్న స్టీరింగు తిప్పుతూ ఉండగానే చెప్పేశాను. సున్నా సంగతి, భయం సంగతి అన్నీ చెప్పాను. ఫోన్ల సంగతి కూడా.

మూడు స్టాపులు దాటాం. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు.

"మరి బాగుచేసిందెవరు?"

"అబూ హమ్మామ్ అని ఒకాయన. యూనివర్సిటీ వీధిలో."

"పనిమంతుడే" అన్నాడు. ఇంకో స్టాపు తర్వాత, "నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

"నువ్వు అందరికీ చెప్పేశావు నాన్నా."

వెనకనుంచి ఒకాయన చెయ్యి చాచాడు, చేతిలో ఫోను. "హాజీ, ఇది కాస్త మీ అమ్మాయికి..."

"ఇవాళ కాదులే" అన్నాడు నాన్న.

ఇల్లు చేరాం. అమ్మకి తనే చెప్పాడు, గదిలో, నెమ్మదిగా. ఆయన మొహం చూడలేక నేను వంటగదిలోనే ఉండిపోయాను. చాలా సిగ్గేసింది.


ఏప్రిల్ 11, ఈద్ రెండో రోజు

చుట్టాలు. మామూల్ అనే ఖర్జూరం బిస్కెట్లు. నాన్న ఎవరితోనూ నా చదువు ఎత్తలేదు.


మే 19

ఇంట్లో పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఏడు నిమిషాలు. మూసేశాను.


మే 23

పన్నెండు నిమిషాలు.


జూన్ 2

లేదు.


జూలై 7, ఆదివారం

వేసవి టర్ము మొదటి ల్యాబ్. ఇరవై కంప్యూటర్లకి పదిహేడు మందిమి. సంచులన్నీ తలుపు దగ్గరే పెట్టించారు. కాగితం లేదు, పెన్ను లేదు. ల్యాబ్ చూసుకునే ఇంజినీర్ సనా ప్రశ్న గోడ మీద చూపించి, "గంటన్నర" అంది.

ప్రశ్న చదవగానే ప్రోగ్రాం నా తలలో తయారైపోయింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. చెమట పట్టి గౌనుకి అంటుకుంటున్నాయి.

దీమా నాకు రెండు వరసల ముందు కూర్చుంది. మార్చి నుంచీ మాకు మాటల్లేవు. దాని వీపు కనపడుతోంది. వేళ్ళు కీబోర్డు మీద సిద్ధంగా ఉన్నాయి. పది నిమిషాలైంది. గాజుల చప్పుడు లేదు. పక్కవాళ్ళు టకటకా కొడుతున్నారు. పదిహేను నిమిషాలైంది. దాని తెర కూడా నాదానిలాగే తెల్లగా ఉంది.

ఇన్నేళ్ళు ఆ వేళ్ళకి భయమే లేదనుకున్నాను. ఏం కొట్టాలో ఎవరో ఒకరు చదివి వినిపించేదాకా అవి అలా కూర్చునే ఉండేవని నేనెప్పుడూ చూడలేదు. అది ఏడ్చానని చెప్పినా నా గోలలో నేనున్నాను. ఇప్పుడు దాని భుజాలు కదలట్లేదు. ఇద్దరి మధ్యా రెండు వరసలు. ప్రోగ్రాం నా దగ్గరుంది, చేతులు దాని దగ్గరున్నాయి.

"మైసూన్, ఇంకా మొదలుపెట్టలేదేం?" ఇంజినీర్ సనా నా వెనకే నిలబడి ఉంది.

"భయంగా ఉంది, ఇంజినీర్" అన్నాను.

మెల్లగా అందామనుకున్నాను, గట్టిగానే వచ్చింది. ల్యాబంతా టకటకలు ఆగిపోయాయి. చివరి వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలో దీమా వెనక్కి తిరిగింది. నాలుగు నెలల తర్వాత నా మొహంలోకి చూసింది.

"నాక్కూడా, ఇంజినీర్" అంది. "ఏం రాయాలో నాకు తెలీదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంజినీర్ సనా దాన్ని చూసి, నన్ను చూసి, గోడ గడియారం చూసింది.

"గంటా పది నిమిషాలుంది. ఇద్దరూ అటు తిరగండి."

తిరిగాం. చేతులు ఒళ్ళోంచి తీశాను. మొదటి అక్షరం నొక్కాను. తప్పు పడింది. చెరిపి మళ్ళీ నొక్కాను. అప్పుడే ముందు వరసలోంచి గాజులు ఒక్కసారి చప్పుడు చేశాయి, ఆగి, మళ్ళీ చేశాయి.